గుడ్డ కోయని కత్తెర

"చేయి జారిందండీ. అంతే."

లాకప్పులో కటింగ్ మాస్టరు ఆ మాట అనడం అది ఏడోసారి. బెంచి లెక్కపెడుతూనే ఉన్నాడు. ఏడుసార్లలో ఒక్కసారి కూడా ఆ చేయి ఎక్కణ్ణించి ఎక్కడికి జారిందో మాస్టరు చెప్పలేదు.

బెంచి అసలు పేరు అందరూ మరిచిపోయి చాలా కాలమైంది. ఇరవై రెండేళ్ళు సెషన్స్ కోర్టులో బెంచి గుమాస్తాగా జడ్జిగారి ముందు కూర్చుని, సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఉద్యోగం మానేసి ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నా పాత పేరు మాత్రం వదల్లేదు. అంతకాలం అంత దగ్గరగా అబద్ధాలు విన్నవాడికి మనుషుల మీద మోజు మిగలదు. అతనికి మిగిలింది కడుపులో మంట, జేబులో ఆ మంటకు మాత్రలు.

పొద్దున తొమ్మిదింటికి ప్రాసిక్యూటరమ్మ ఫోన్ చేసింది. "మూడింటికి ఆ కటింగ్ మాస్టరు బెయిలు దరఖాస్తు వస్తోంది, బెంచిగారూ. ఇన్‌స్పెక్టర్ మామూలు గాయం సెక్షన్ రాసి చేతులు దులుపుకున్నాడు. ఆ కాగితం పట్టుకుని నేను లేచి నిలబడితే జడ్జిగారు నవ్వుతారు. నాలుగింటికల్లా వాడు ఇంట్లో ఉంటాడు. ఆ పిల్ల ఉండేదీ ఆ ఇంట్లోనే. ఈసారి గురి తప్పదు. చంపాలనే పొడిచాడని చూపించే ముక్క ఒక్కటి తెచ్చిపెట్టండి."

ఆ పిల్ల అంటే మాస్టరు మరదలు, అతని భార్యకు సొంత చెల్లెలు. ఇరవై ఏళ్ళుంటాయి. బావ షాపులోనే కాజాలు కుడుతుంది. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి బావ ఆమెను పొడిచాడు. ఇవాళ శుక్రవారం.

"ఎందుకు కోపం వచ్చింది?" అన్నాడు బెంచి.

"కోటు పాడుచేసిందండీ. కొత్త కోటు, కాజాలన్నీ వంకరగా కోసిపెట్టింది. ఇదేంటే అంటే ఎదురు తిరిగింది. చేతికి దొరికింది తీశా. కటింగ్ మాస్టర్ని, నా చేతికి కత్తెర కాక ఇంకేం దొరుకుతుంది? బెదిరిద్దామనుకున్నా."

"చంపేస్తా అన్నావట?"

మాస్టరు పళ్ళు కనిపించేలా నవ్వాడు. "అనే ఉంటానండీ. ఎవరనరు? మా ఆవిడ నన్ను రోజుకి నాలుగుసార్లు అంటుంది."

అది మాత్రం నిజమే. అన్నం తినని పిల్లల్ని తల్లులు ఆ మాటే అంటారు. ఆ మాట పట్టుకుని కోర్టులు శిక్షలు వేస్తే ఊళ్ళో సగం మంది లోపలే ఉండేవాళ్ళు. బెంచి ఆ మాటను వదిలేశాడు. కానీ అరగంట మాట్లాడాక అతనికి రోత పుట్టించింది వేరే సంగతి. మరదలు బతికుందో లేదో మాస్టరు ఒక్కసారీ అడగలేదు. కోటు ఎవరి దగ్గరుందని మాత్రం రెండుసార్లు అడిగాడు.

బయటికొస్తే ఇన్‌స్పెక్టర్ బల్ల మీద కాళ్ళు పెట్టుకుని పేపరు చదువుతున్నాడు. అడిగితే, స్వాధీనం చేసుకున్న ఆయుధాన్ని పారదర్శకమైన సంచీలో తెప్పించి బల్ల మీద పడేశాడు. పంచనామాలో 'విరిగిన కత్తెర ఒకటి' అని రాసి ఉంది. సంచీలో ఉన్నది సగమే. వేళ్ళు దూర్చుకునే కన్ను ఒకటి, పది అంగుళాల బద్ద ఒకటి.

"ఇది విరగలేదు," అన్నాడు బెంచి. "మర బిగించే కన్నం చెక్కుచెదరలేదు. విప్పారు."

"సాన పట్టించడానికి విప్పుతారు. నేనేం ఇక్కడ గాడిదలు కాస్తున్నానా? అడిగి తెలుసుకున్నా."

"మరి రెండో సగం?"

"ఎక్కడో పడుంటుంది. పొడిచింది దీంతో కదా, దాంతో మనకేం పని?"

బెంచి సంచీని అటు తిప్పి ఇటు తిప్పి ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. అప్పటికి టైము పదకొండు.

పదకొండుంబావుకి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. ఆ పిల్లకు ఎడమ రొమ్ము పైన ఒక కట్టు, కుడి ముంజేతికి ఒక కట్టు. పక్కన స్టూలు మీద వాళ్ళ అక్క కమలాపండు వొలిచి తొనలు ఒక్కొక్కటే చెల్లెలి నోటికి అందిస్తోంది. ఆ పిల్ల నమలకుండా దవడన పెట్టుకుంటోంది.

బెంచి ప్రశ్న అడిగింది చెల్లెల్ని. జవాబు చెప్పింది అక్క.

"చేయి జారింది, అన్నయ్యగారూ. ఇంటి గొడవ, ఇంట్లోనే సర్దుకుంటాం. మీరు పెద్దవారు, మీరే ఆ ఒక్క మాటా రాయించి పుణ్యం కట్టుకోండి. రేపు దీనికి ఓ సంబంధం చూడాలన్నా, పోలీసు కేసున్న ఇల్లంటే ఎవరొస్తారు చెప్పండి?"

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా."

"అయ్యో, నేను కనపడకపోతే అది బెంబేలెత్తిపోతుంది," అంటూ ఆవిడ చెల్లెలి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఇలాంటి అక్కల్ని బెంచి సాక్షిబోనులో డజన్లకొద్దీ చూశాడు. మొగుడు చేసిన గాయానికి తామే తడిగుడ్డ చుట్టి, ఏం జరగలేదని ప్రమాణం చేసే రకం. ఆవిడ కొంగు చివర తుడుచుకుంటున్న కమలాపండు రసం చూసినా అతనికి వెగటేసింది. ముఖం తిప్పుకుని పిల్లతోనే మాట్లాడాడు. "భయపడకు తల్లీ. మీ బావకి బెయిలు రానివ్వను."

ఆ మాటకు ఆ ముఖంలో ఊరట కనపడాలి. కనపడలేదు. పెదాలు మాత్రం కదిలాయి. "నన్ను ఇంటికి పంపొద్దు సార్."

"మందుల మత్తు," అంది అక్క నవ్వుతూ. "పొద్దుట్నించీ ఇదే పలవరింత."

పన్నెండింటికి బెంచి టైలరింగ్ షాపు షట్టరు ఎత్తించాడు. తాళంచెవి ఉన్నది ఇస్త్రీ చేసే పెద్దాయన దగ్గర. మిగతా పనివాళ్ళు బుధవారం నుంచి అటు రావడమే మానేశారు.

లోపల పొడుగాటి గది. గుమ్మం దగ్గర కటింగ్ బల్ల, మధ్యలో మిషన్లు, ఇస్త్రీ బల్ల, చిట్టచివర గోడ వార కాజాల పిల్ల ముక్కాలిపీట. పీట కింద నేల కడిగారు కానీ, పలకల సందుల్లో నెత్తురు నల్లగా మిగిలిపోయింది. బెంచి గోడకు వేలాడుతున్న టేపు తీసి కటింగ్ బల్ల నుంచి పీట దాకా కొలిచాడు. పద్దెనిమిది అడుగులు. మధ్యలో ఇస్త్రీ బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాలి.

కటింగ్ బల్ల అంచున కొక్కేనికి ఒక కత్తెర వేలాడుతోంది. నిండు కత్తెర, రెండు సగాలూ ఉన్నది. బద్దల మధ్య నూలు పీచు ఇంకా అంటుకునే ఉంది.

"మాస్టరు రోజూ వాడేది ఇదేనా?"

"ఇదేనండీ," అన్నాడు ఇస్త్రీ ఆయన. "బుధవారం పొద్దున కూడా దీంతోనే కోశారు."

కోపం కళ్ళు కప్పినవాడు చేతికి ఆనుకుని ఉన్న కత్తెర వదిలేసి, విప్పిపెట్టిన పాత కత్తెరలో సగం వెతుక్కుని, పద్దెనిమిది అడుగులు నడిచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాడన్నమాట. బెంచి కోటు అడిగాడు. అది హ్యాంగరుకే ఉంది. ఎడమ అంచు వెంట కాజాలు రావలసినచోట మూడు సుద్దగీతలు చెదరకుండా ఉన్నాయి. ఒక్క కాజా కూడా కోయలేదు. వంకరగా కోయడానికి అసలు కోస్తే కదా.

"మీరేం చూశారో చెప్పండి. పోలీసులకి చెప్పింది కాదు, చూసింది."

"వాళ్ళు మూడు లైన్లు రాసుకుని పొమ్మన్నారండీ," అన్నాడాయన. "ఒంటిగంటకి అందరం భోజనానికెళ్ళాం. మాస్టరే తొందరపెట్టి పంపారు. నేను కళ్ళజోడు మరిచిపోయి వెనక్కొచ్చా. చూస్తే షట్టరు సగం దించుంది. వంగి లోపలికెళ్ళా. ఆ పిల్ల గోడకి ఆనుకునుంది, చేయి అడ్డం పెట్టుకునుంది. మాస్టరు చేయి పైకెత్తున్నారు. అప్పటికే రెండు పోట్లు పడ్డాయి."

"మిమ్మల్ని చూసి?"

"ఆగారండీ."

"ఏమన్నాడు?"

"'ఏం, అప్పుడే వచ్చేశావ్?' అన్నారు."

బెంచి మాత్ర ఒకటి నోట్లో వేసుకున్నాడు. "ఎందుకయ్యా ఆ పిల్ల మీద అంత కక్ష?"

"వాళ్ళమ్మ రెండు నెలల క్రితం మేడ మెట్ల మీంచి పడి చనిపోయిందండీ. వారం రోజులుగా ఈ పిల్ల అదే మాట. అమ్మ పడలేదు, నేను చూశాను, స్టేషన్‌కెళ్ళి చెప్తానని. సోమవారం మా అందరి ముందూ అంది. మాస్టరు ఏమీ అనలేదు."

బెంచి ఫోన్లోని ఫొటోలు చూపించాడు. ఇస్త్రీ ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒకటి చూశాడు, రెండోది చూశాడు, మళ్ళీ మొదటిదానికొచ్చాడు.

"ఇదేం పనండీ! లోపలివైపు కూడా సాన పట్టారే!"

"పట్టకూడదా?"

"కత్తెరకి పదును బయటివైపే పెడతారండీ. లోపలివైపు పలకలా నున్నగా ఉండాలి, రెండు పలకలూ ఒకదాన్నొకటి రాసుకుంటేనే గుడ్డ తెగేది. దాన్ని సానకి ఆనించారంటే ఇక ఆ కత్తెర గుడ్డ కోయదు, నములుతుంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలుసు."

"మాస్టరుకి తెలియదా?"

"ముప్పై ఏళ్ళ మాస్టరండీ!"

బెంచి ఫొటో కేసి చూస్తూ నిలబడ్డాడు. దీన్ని కోపంలో దొరికిన కత్తెర అన్నారు. గుడ్డ కోయడానికి పనికిరాకుండా ముందే చేసిపెట్టుకున్నది అసలు కత్తెరే కాదు.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా, ఆ షాపు కత్తెరలకి సానపట్టే ముసలాయన వీధి మలుపులో దొరికాడు. స్టాండు వేసిన సైకిలు మీద కూర్చుని పెడలు తొక్కుతూ ఎవరిదో వంటింటి కత్తికి సాన పడుతున్నాడు. నిప్పురవ్వలు అతని మోకాలి మీద పడి ఆరిపోతున్నాయి.

"గుర్తుందండీ, ఎందుకు గుర్తుండదు," అన్నాడు ఫొటో చూడగానే. "మంగళవారం పొద్దున విప్పి తెచ్చారు. రెండువైపులా పట్టు, మొన కూడా తియ్యి అన్నారు. పాడైపోతుందండీ, నా పేరు చెడుతుందండీ అన్నా. చెప్పింది చెయ్యి అన్నారు."

"రెండు సగాలూ తెచ్చారా?"

"రెండూ తెచ్చారండీ. ఒకటి ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. రెండోదానికి తుప్పెక్కువ, ఆలస్యమైంది. అది తరవాత తీసుకెళ్ళారు."

బెంచి గబగబా రాసుకున్నాడు. మంగళవారం సాన, బుధవారం పోటు. మధ్యలో ఒక నిండు రోజు. చల్లారిపోవడానికి ఏ కోపానికైనా ఆ మాత్రం వ్యవధి చాలు. ముసలాయన చేత సంతకం పెట్టించి, సైకిలు పక్క కొట్లో అప్పజెప్పించి, ఆటోలో ఎక్కించుకున్నాడు.

రెండున్నరకి కోర్టు వరండాలో ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. బెంచి చేతిలో కాగితం చదివి తిరిగిచ్చేశాడు.

"మీ వయసుకి ఈ పరుగులెందుకు, బెంచిగారూ? డాక్టరు సర్టిఫికెట్ చూశారా? రెండంగుళాల గాయం. పక్కటెముక దగ్గర ఆగిపోయింది. ప్రాణాపాయం లేదని రాశాడు. చంపాలనుకున్నవాడు ఇలాగేనా పొడిచేది?"

"ఎముక అడ్డొచ్చింది. అడ్డొచ్చింది ఎముక, మీ మాస్టరు మంచితనం కాదు. తుపాకీ పేల్చి గురి తప్పినవాణ్ణి, గాయమే లేదుగా ఇంటికెళ్ళమంటారా? కత్తి ఎంత దిగిందని కాదు, ఎంత దించాలనుకున్నాడని అడుగుతుంది కోర్టు."

"వాడి మనసులో ఏముందో మీరు దూరి చూశారా?"

"ఇరవై రెండేళ్ళలో మనసు విప్పి చూపించిన ముద్దాయి ఒక్కడూ రాలేదు నాకు. అందుకే చేతుల్ని చూస్తారు. గుడ్డకి పనికిరాని కత్తెర చేయించాడు. పనివాళ్ళని పంపేసి షట్టరు దించాడు. కాలి మీద కాదు, గుండె మీద పొడిచాడు. ఒకటి చాలక రెండోది. మూడోది ఆపింది వాడి జాలి కాదు, ఒక పెద్దాయన మరిచిపోయిన కళ్ళజోడు. ఇంతకన్నా ఏం కావాలి మీకు? వాడు స్టాంపు కాగితం మీద రాసివ్వాలా?"

"హత్యాయత్నం అంటే సెషన్స్ కేసు. నాలుగేళ్ళు నా బూట్లు అరగాలి. ఆ పిల్లేమో రేపు రాజీ పడుతుంది. ఇంటి గొడవ."

"రెండు నెలల క్రితం ఆ ఇంట్లోనే ఒక తల్లి మెట్ల మీంచి పడింది. ఆ కాగితం మూసింది ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీరే కదా. ఇప్పుడిది హత్యాయత్నం అయితే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే ఆ మెట్ల దాకా వెళ్తారు. ఒక పిల్ల ప్రాణం కన్నా మీ పాత సంతకం ముద్దయింది మీకు. థూ!"

"నోరు అదుపులో పెట్టుకోండి!"

"ఇరవై రెండేళ్ళు అదుపులోనే పెట్టుకున్నానయ్యా. ఇప్పుడు నాకు ఆ పని లేదు."

ప్రాసిక్యూటరమ్మ తలుపు తీసి ఇద్దరినీ లోపలికి రమ్మంది.

మామూలుగా బెయిలు విచారణలో సాక్షుల్ని పిలవరు. కానీ సానపట్టే ఆయన సంతకం పెట్టిన కాగితం చదివిన జడ్జిగారు, ఈయన ఇక్కడే ఉన్నాడా అని అడిగి ముసలాయన్ని ముందుకు పిలిచారు. బోనులో కటింగ్ మాస్టరు మొదటిసారి తల పైకెత్తాడు.

"కత్తెర లోపలివైపు సాన పడితే ఏమవుతుంది?"

"గుడ్డ కోయదండీ."

"మరి దేనికి పనికొస్తుంది?"

ముసలాయన చేతులు నలుపుకున్నాడు. "పొడవడానికేనండీ."

ప్రాసిక్యూటరమ్మ బెంచి కేసి చూసింది. పని అయిపోయినట్టే. జడ్జిగారు కలం తీశారు, రెండు ముక్కలు రాశారు, ఆగారు.

"ఇక్కడ 'తెచ్చారు, తీసుకెళ్ళారు' అని ఉంది. ఎవరు?"

బెంచి వెన్ను నిటారుగా అయింది. సాక్షి ఎవరైనా 'వచ్చారు, ఇచ్చారు' అంటే చాలు, జడ్జిగారు అడక్కముందే, ఎవరు, మగా ఆడా, పేరు చెప్పమని గదమాయించింది తనే. గౌరవంగా మాట్లాడే మనిషి నోట్లో మొగుడైనా పెళ్ళామైనా 'తీసుకెళ్ళారు' అనే వస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వదలని ప్రశ్నను ఈ మధ్యాహ్నం వదిలేశాడు.

"తెచ్చింది ఈయనేనండీ," అన్నాడు ముసలాయన బోను కేసి చూపిస్తూ. "మొదటిది తీసుకెళ్ళిందీ ఈయనే."

"రెండోది?"

"రెండోది నిన్న పొద్దునండీ. ఎనిమిదింటికి."

జడ్జిగారు అరెస్టు కాగితం తిరగేశారు. "నిన్న పొద్దున ఇతను లాకప్పులో ఉన్నాడు."

"ఈయన కాదండీ. ఆవిడ. మాస్టరుగారి భార్య. ఆయన ఇక రాలేరు, నాకివ్వు, నాకు పనుంది అన్నారు. బొటనవేలితో పదును చూసుకుని, బాగుంది అని, సంచీలో వేసుకున్నారు."

బోనులో కటింగ్ మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

బెయిలు ఇవ్వనన్న మాట బెంచి వినలేదు. అప్పటికే వరండాలో ఉన్నాడు. వెనకాలే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"ఒంటిగంటన్నరకి స్టేషన్‌కొచ్చింది," అన్నాడు. "డిశ్చార్జి కాగితం తెచ్చింది. పోలీసు కేసు కదా, మీ సంతకం లేనిదే పంపరట అంది. సొంత అక్క. ఇంట్లోనే చూసుకుంటానంది. నేను..."

"పెట్టావు," అన్నాడు బెంచి.

అతని మీద ఉమ్మడానికి కూడా తీరిక లేదు. అంతకన్నా ముందు తన మీద ఉమ్ముకోవాలి. పొద్దున ఆ ఆడమనిషి ఎదుటే, మీ బావని బయటికి రానివ్వనని ధైర్యం చెప్పి, పిల్లని ఆమె చేతుల్లోనే వదిలేసి వచ్చాడు. ఫోన్ చెవికి ఆనించుకుంటే అవతల మోగుతూనే ఉంది. మూడు గంటలా పన్నెండు నిమిషాలు.

ఆరో రింగుకి నర్సమ్మ ఎత్తింది.

"కిటికీ పక్క మంచమా? వాళ్ళు వెళ్ళిపోయారండీ, గంటయింది. ఆటోలో ఎక్కించుకుని తీసుకెళ్ళింది వాళ్ళక్క."

"పిల్ల ఏమైనా చెప్పిందా? ఏమీ అనలేదా?"

"ఏమీ అనలేదండీ," అంది నర్సమ్మ. "మంచం కడ్డీ పట్టుకుని వదల్లేదు. నొప్పికేమో అనుకున్నాం. ఇద్దరు ఆయాలు చెరోవైపు నిలబడి వేళ్ళు విడదీయాల్సొచ్చింది."